ఒగ్గేసినారేటి

రాత్రి పదకొండుంపావుకి
నూట ఎనిమిది బండి దింపింది మోక్షితని.
పలాస నుంచి, టెక్కలి దాటి, నరసన్నపేట దాటి
శ్రీకాకుళం దాకా కూర్చునే వచ్చిందట,
ఒరిగితే ఊపిరాడక.
ఆరేళ్ల పిల్ల. భుజాలు చెవుల్ని తాకుతున్నాయి.
మెడ కింద గుంటలో చర్మం
లోపలికి పోయి, బయటికొచ్చి,
మళ్లీ లోపలికి.

తల్లి దాలమ్మ వేళ్లు నల్లగా ఉన్నాయి.
జీడిపిక్కలు ఒలిచే వేళ్లు, సబ్బుకి లొంగవు.
"బట్టీ పొగ పడదమ్మా దీనికి,
మా ఈది మీదికే కొడతాది" అంది.
రాసుకుందామని చూశాను.
కేస్ షీట్‌లో పొగకి గడి లేదు.

మాస్కు పెట్టాం. సాల్బుటమాల్.
ఇరవై నిమిషాలకొకటి, మూడుసార్లు,
ఆ తర్వాత ఆపకుండా.
ఇడ్లీపాత్ర మూత తీసినట్టు
ఆ చిన్న ముక్కు చుట్టూ తెల్లటి ఆవిరి.
రెండింటికి వీపు మీద స్టెతస్కోపు ఆనిస్తే
ఈల లేదు.
గాలి అడుగుదాకా వెళ్లి వస్తోంది.
ఆక్సిజన్ తొంభై ఏడు.

అయినా పిల్ల పరిగెడుతూనే ఉంది,
మంచం మీద కూర్చుని, ఎక్కడికో.
ఊపిరి నిమిషానికి యాభై ఎనిమిది.
వేళ్లలో వణుకు. గుండె నూట డెబ్భై.
"ఇంకా ఆయాసమే కదా సిస్టర్, ఇంకోటి వేద్దామా?"
హౌస్ సర్జన్ కుర్రాడు మందు అందుకున్నాడు.
నా చెయ్యీ అటే వెళ్లింది.
పదహారేళ్లుగా దానికి తెలిసిన దారి అదే:
ఆయాసమంటే మందు,
ఇంకా ఆయాసమంటే ఇంకా మందు.

భానోజీ డాక్టరుగారు ఉండమన్నారు.
"ఈల లేకుండా పరుగెందుకు?"
నన్ను కాదు, గోడని అడిగారు.
పిల్ల మణికట్టు దగ్గర నాడి వెతికి
సిరంజిలో అరంగుళం ఎరుపు తీసి
మెషీన్‌కి ఇచ్చారు.
అది ఆలోచించుకుంది.
ఆ రెండు నిమిషాల్లో దాలమ్మ
కొంగు ముడి మూడుసార్లు విప్పి కట్టింది.

లాక్టేట్ తొమ్మిది దాటింది.

పాలు పులిస్తే పెరుగంటాం.
నెత్తురు పులిస్తే ఏమంటారో
మా ఊళ్లో మాట లేదు.
ఊపిరి దారి తెరవడానికి పోసిన మందే
ఒంట్లో పులుపు పేర్చింది.
ఆ పులుపుని ఊది పారేయడానికి
పిల్ల పరిగెడుతోంది.
ఆ పరుగు చూసి మేం
మళ్లీ మందు పోయబోయాం.

మాస్కులో మందు ఆపారు.
ఉత్త ఆక్సిజన్ ఉంచారు.
అప్పుడు అడిగింది దాలమ్మ:
"ఒగ్గేసినారేటి బాబూ?
గుంట ఇంకా ఎగపోస్తంది కదా.
డబ్బులు గానీ కట్టాలేటి? సెవులకి దిద్దులున్నాయి నాకు."

లాక్టేట్‌ని పిక్కలా పగలగొట్టి
పప్పు తీసి ఆమె చేతిలో పెట్టలేను.
దారి తెరుచుకుందమ్మా, మందే ఎక్కువైంది,
అది దిగాలి, అన్నాను.
నమ్మలేదు. ఆమె చోట ఉంటే నేనూ నమ్మను.
ఆగడం వైద్యంలా కనపడదు.
చేతులు ఖాళీగా ఉన్న నర్సు
ఏదో దాచినదానిలా కనిపిస్తుంది.

యాభై రెండు.
నలభై నాలుగు.
మధ్యలో ఒకసారి మళ్లీ యాభై.
భానోజీ గారు కుర్చీలోంచి లేచి
ఏమీ అనకుండా కూర్చున్నారు.
బయటెక్కడో టీకొట్టు షట్టరు లేచింది.
ఐదున్నరకి పిల్ల మాస్కు లాగేసి
"ఆకలేస్తంది" అంది.
ముప్పై. లాక్టేట్ మూడున్నర.

తెరవని ఆ మందుని
కుర్రాడు ఇంకా గుప్పిట్లోనే పట్టుకున్నాడు.
చప్పుడు కాకుండా ట్రేలో పెట్టాడు.
మళ్లీ దాని అవసరం పడుతుంది, తెలుసు.
పంపు ఎలా పీల్చాలో నేర్పి మరీ పంపుతాను,
పొగ అక్కడే ఉంటుంది కాబట్టి.

దాలమ్మ తన నల్లటి చూపుడువేలు
నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద పెట్టి
ఎంత నెమ్మదిగా తగులుతోందో చూసుకుంటోంది.
నన్ను చూసి వేలు తీసేసింది.
నేను అటు తిరిగాక
మళ్లీ పెట్టింది.