కొప్పులో సూది

పేరు కొన్నారు.
పేరొక్కటే.
షెడ్డు కాదు, షెడ్డు వెనక తుప్పు పట్టిన లేతు మిషను కాదు,
జీతాల పుస్తకం అసలే కాదు.
పూర్ణా మార్కెట్ దగ్గర లాయరు గారి మేడ మీద
కొప్పాక వారి మనవడు చలపతి
తువాల్లోంచి ఇత్తడి పలక తీసి బల్ల మీద పెట్టి
సంతకం చేసి
టీ తాగకుండా మెట్లు దిగిపోయాడట.

ఇప్పుడు అచ్యుతాపురంలో మా కంపెనీ గోడ మీద
"కొప్పాక విమానాలు. 1948 నుంచి."
మధ్యలో అరవై యేళ్ళు ఎక్కడున్నావని
పేరుని ఎవరూ అడగరు.

నేను చెప్పగలను.
బస్సులో ఉంది.
మర్రిపాలెం మలుపులో కండక్టరు నోట్లో
టిక్కెట్టు కట్టకీ చిల్లరకీ మధ్య ఉంది.
"కొప్పాక షెడ్డు, షెడ్డు, ముందుకు రావాల!"
ఏ కొప్పాకో, ఏం షెడ్డో తెలియని పిల్లలు
పుస్తకాల సంచులతో దిగిపోయేవాళ్ళు.
రేకు మీద అక్షరాలు మూడింట్లో చివరిదాన్ని
హుద్‌హుద్ గాలి ఎత్తుకుపోయిన మర్నాడు
మా నాయనమ్మ రోడ్డు మీద నిలబడి చదివించుకుంది.
"కొప్పా... అని ఉందే."
"పోనీలే, నా కొప్పు మిగిలింది."

ఆవిడ కొప్పులో ఎప్పుడూ ఒక సూది.
జానెడు పొడవు, కొస దగ్గర చిన్న వంపు.
పదహారేళ్ళప్పుడు ఆ షెడ్డులో
చెక్క ఎముకల మీద నూలు గుడ్డ పరిచి
రెక్కలు కుట్టేది నరసమ్మ.
రెండున్నర అంగుళాలకో కుట్టు, కుట్టుకో ముడి,
రెక్కకి నాలుగొందల పన్నెండు.
పైన పూసే మందు మగ్గిన అరటిపండు వాసనట.
ముసలితనంలో కూడా అరటిగెల ఇంటికొస్తే
ఒక్క క్షణం ఆగేది.

"సీర సిరిగితే పక్కింట్లో కుట్టించుకోవచ్చు.
మబ్బుల్లో దర్జీవోడు ఉండడే గుంటా."

అయిదు విమానాలు చేశారు.
ఆరోది సగంలో ఉండగా తాళం పడింది.
రెండు నెలల జీతం, ముప్ఫై నాలుగు రూపాయలు,
పుస్తకంలో ఆవిడ వేలిముద్ర పక్కన
సిరా ఆరినట్టే ఆరిపోయింది.
తిట్టలేదు. సూది మాత్రం తిరిగివ్వలేదు.

మా రెక్కకి కుట్టు లేదు.
నల్లటి కార్బన్ బట్ట పొరలు పొరలుగా పరిచి
జిగురు పట్టించి, గాలి లాగేసి
పొయ్యిలో పెడతాం, రాత్రంతా ఉడుకుతుంది.
ఇద్దరు కూర్చునే బుల్లి విమానం,
ఇంజను ఆస్ట్రియాది, చక్రాలు ఎక్కడివో,
పేరు మా మర్రిపాలెంది.

మొదటిదానికి తోక మీద పేరు అంటించే రోజు
సూది కొప్పులో పెట్టుకుని వెళ్ళాను.
గేటు దగ్గర పట్టేసుకున్నారు.
లోపల ఒక్క పిన్ను జారినా ప్రమాదమే,
రూలు రాసిన రిజిస్టర్లో నా సంతకమే ఉంది.
ఫోనుతో పాటు డబ్బాలో పెట్టి
నంబరు బిళ్ళ తీసుకున్నాను.

ఉపేంద్ర సారు అటు, నేను ఇటు,
స్టిక్కరు పరిచాం.
'ప్పా' కింద గాలి బుడగ ఒకటి.
బొటనవేలితో నొక్కాను, పక్కకి పారింది.
ఇంకా నొక్కాను.
"చాలమ్మా, పోయింది" అన్నారు సారు.
పోయింది, నాకూ తెలుసు.
వేలు తియ్యడానికి కొంచెంసేపు పట్టింది.

సాయంత్రం ఇంజను తిప్పి చూశారు.
వెనక నిలబడ్డ వాళ్ళ చున్నీలూ కాగితాలూ ఎగిరాయి.
అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.
ముప్ఫై నాలుగు రూపాయల సంగతి
ఎవరికి చెప్పాలో తెలియక ఎవరికీ చెప్పలేదు.

గాజువాకలో సిటీ బస్సు మారాను.
కొత్త కండక్టరు, మీసాలింకా రాని కుర్రాడు.
"కొప్పాక షెడ్డు ఎవరండీ? షెడ్డు!"
ఎవరూ లేరు.
నా స్టాపు ఇంకా రెండు దాటాలి.

"ఉన్నాం" అన్నాను,
సూది జారకుండా ఒక చేత్తో కొప్పు పట్టుకుని
దిగాను.