నాలుగో రంగు

ముప్పై ఒక్క ఏళ్లుగా ఎండుచేపల్ని రకాలు విడదీస్తున్నాను.
వెన్ను మీద బొటనవేలు నడిపి,
మెడ దగ్గర వాసన చూసి,
కిటికీ వెలుతురుకి ఒక్కసారి ఎత్తి,
ఇది ఇటలీకి, ఇది నైజీరియాకి,
ఇది మా లోఫోటెన్ పిల్లులకి.
ఇరవై రకాలు. చేపకి ఐదు క్షణాలు.
దేన్నీ రెండోసారి చూసిన పాపాన పోలేదు.

అలాంటిదాన్ని, యాభై నాలుగో ఏట
లైబ్రరీ మేడ మీద, బుధవారం సాయంత్రాలు
పలక పట్టిన పిల్లలా కూర్చున్నాను.
నేర్పేది హాల్డిస్.
హార్బరు ఆఫీసులో సముద్రపు లోతుల పటాలు గీసి
రిటైరైన మనిషి. మాటలు కూడా
లోతు కొలిచినట్టే, అంకెల్లా వేస్తుంది.

మొదటి నెలంతా ఉత్త నీళ్లే పూయించింది.
"చూస్తూ ఉండు" అంది.
తడి తళతళలాడుతుంటే ఇంకా తొందర.
ఆరిపోతే అంతే సంగతులు.
నడుమ ఎక్కడో కాగితం
కోడిగుడ్డు పెంకులా మసకబారుతుంది,
అప్పుడు దించాలట రంగు.
ఆ వేళకి నేను సరిగ్గా ముక్కు తుడుచుకుంటూ ఉంటాను.

మూడు రంగులు కలిస్తే మా ఆకాశం వస్తుంది.
నాలుగోది పడిందా, గిన్నెలు కడిగిన నీళ్లు.
తెలుసు. తెలిసీ
కుంచె దానంతటదే నాలుగో గుంటలోకి పోతుంది,
వంటింటి డబ్బాలో పిల్లాడి చెయ్యిలా.

తెల్లరంగు గొట్టం కొనుక్కొస్తే
హాల్డిస్ దాన్ని తన కోటు జేబులో వేసుకుంది.
ఇప్పటికీ ఇవ్వలేదు.
మంచుకొండని వదిలెయ్యడం చేతకాక
ఆ శీతాకాలం నాలుగుసార్లు దాన్ని బూడిదలో పూడ్చాను.

ఫిబ్రవరిలో బయటికి తీసుకెళ్లింది.
కుంచె కొసన నీళ్లు ముల్లులా గడ్డకట్టాయి.
తను కప్పులో ఒక మూత సారా పోసి,
ఇంకో మూత గొంతులో పోసుకుని, "ఇక వెయ్" అంది.
నీలిమందు రంగు ఆకాశం మీద
చూస్తుండగానే మంచు ఈకలు మొలిచాయి.
ఇంటికొచ్చి పొయ్యి పక్కన పెడితే కరిగాయి,
గుర్తులు మాత్రం మిగిలాయి.
చూసినవాళ్లంతా అదే బాగుందన్నారు.
అది నేను వేసింది కాదని ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో, పొద్దు గుంకని ఒక రాత్రి,
గిడ్డంగిలో చేపల బల్ల తుడిచి
ఏడాది బొమ్మలన్నీ పరిచాను. యాభై మూడు.
బొటనవేలు. వాసన. వెలుతురు.
ఇటలీకి ఒక్కటీ లేదు.
పిల్లుల కుప్ప మోచేతి దాకా లేచింది.

ఒక్కటి మాత్రం ఎటూ వెయ్యలేకపోయాను.
ఏప్రిల్‌లో వేసిన చేపల పందిరి అది.
రాటలు ఒరిగాయి. ఆరకముందే నీటిచుక్క పడి
ఆకాశంలో క్యాబేజీ పువ్వంత మరక విచ్చుకుంది.
జంటలుగా తోకలు కట్టిన చేపలు చేపల్లానే లేవు,
తడిసిన మేజోళ్లలా ఉన్నాయి.

లిథువేనియా కుర్రాడు వైదాస్
పెట్టెలు పేర్చడానికొచ్చి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని,
వంగి చూశాడు.
"ఆరో నంబరు పందిరి" అన్నాడు.
కాసేపాగి,
"నైరుతి గాలి. తాడు తెగింది, ఆ రోజే కదా?"

గాలిని నేను వెయ్యలేదు.
వేశానా?

బుధవారం హాల్డిస్ దాన్ని తలకిందులుగా తిప్పి చూసి
"ఇక్కడ, మళ్లీ నాలుగో రంగు" అంది, అంతే.
అవును, అక్కడే.

మర్నాడు పొద్దున ఒక చేపని ఎత్తి పట్టుకున్నాను.
ఐదు క్షణాలు అయిపోయాయి.
పొట్ట దగ్గర పసుపనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ.
అంచున సన్నగా ఊదా ఉంది,
దాని కింద ఇంకేదో, పేరు రావడం లేదు.
వెనక ఖాళీ పెట్టెతో వైదాస్
ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి
బరువు మార్చుకుంటూ నిలబడ్డాడు.