బోరు నంబరు ముప్పై ఒకటి

రైలు ఇంకా కాగితం మీదే ఉంది.
నేను మాత్రం ఎండలో ఉన్నాను.
హిమాయత్‌సాగర్ కట్ట దిగువన, మూడు కాళ్ల రిగ్గు పక్కన,
కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీని బండకు ఆనించి కూర్చుని
రేపెప్పుడో ఒక స్తంభం నిలబడబోయే చోట
నేల కడుపులో ఏముందో రాస్తున్నాను.

మొదటి మీటరున్నర మట్టి.
అందులో ఒక పచ్చ గాజుముక్క, ఒక కోడి ఎముక,
గుట్కా కాగితం. చరిత్ర అంతే.
ఆ కింద మొరం, ఎర్రగా,
నెలలు నిండినవాళ్లకు నోరూరేలా.
ఆ కింద రాయి.
ఇక రాయే.

లింబాద్రి రాడ్డు మీద అరచెయ్యి ఆనించి
నాడి చూసినట్టు చూశాడు.
"మేడమ్, ఈడ పెద్దాయన పండుకున్నడు."
నేను పుస్తకంలో రాశాను:
బూడిదరంగు గ్రానైటు, బలమైనది, పగుళ్లు తక్కువ.
ఇద్దరం చెప్పింది ఒకటే.
ఆయన మాటకు రోజుకు తొమ్మిది వందలు.
నా మాటకు మూడు నెలలుగా బాకీ.

పైపును వంచి సుత్తితో తడితే
రాయి చెరుకుగడలా జారి ఒళ్లోకొచ్చింది,
తడిగా, చల్లగా, కొంచెం సిగ్గుగా.
దీని వయసు రెండు వందల యాభై కోట్ల ఏళ్లు.
ఎండ మొహం చూడటం ఇదే మొదలు,
మంగళవారం, పదకొండుంబావు.

అదే పూట అప్పు సంగతి చూసే ఆయన వచ్చాడు,
బూట్లకు బురద అంటకుండా పలకల మీద నడుస్తూ.
యాభై ఏళ్ల అప్పట, యెన్‌లలో.
మొదటి పదిహేనేళ్లు అసలు జోలికే పోనక్కర్లేదట.
కిలోమీటరుకు ఇన్ని కోట్లు, వంతెనైతే అన్ని కోట్లు...
కోటి అన్న మాట నా ఒళ్లో బరువుగా ఉంది,
ఆయన నోట్లో మరమరాల్లా ఉంది.
"రాయి పైకే తగిలితే ఖర్చు తగ్గుతుందా?"
"పునాదికి తగ్గుతుంది. సొరంగానికి పెరుగుతుంది."
ఆయన రెండూ రాసుకున్నాడు.

కాటేదాన్‌లో మూతబడ్డ ఫంక్షన్ హాలు మా గోదాము.
పెళ్లికొడుకు కూర్చునే వేదిక మీద
రాళ్ల పెట్టెలు, ఒకదాని మీద ఒకటి.
కావలి బాలమణి అడిగింది:
"యాభై ఏండ్లా? గప్పుడు ఎవరు కడ్తరమ్మా?"
అప్పటికి ఎవరుంటే వాళ్లు, అన్నాను.
ఆమె నవ్వు ఖాళీ హాలంతా తిరిగి వెనక్కొచ్చింది.
"మా చిట్టీ ఒక్క నెల తప్పనీ,
ఆండాలమ్మ గడప మీద కూసుంటది.
చాయ్ పోసినా లేవది."

పంక్చర్ దుకాణం సర్ఫరాజ్‌ది వేరే లెక్క.
ఆయన గోడ మీద ఎన్ని సర్వేల గుర్తులో.
ఎరుపు, రోడ్డు వాళ్లది. పసుపు, పైపులైను.
తెలుపు ఎవరిదో ఎవరికీ గుర్తు లేదు,
ఆ ఆఫీసుకు కూడా.
"ఆప్ కౌన్‌సే రంగ్ వాలే?"
నీలం, అన్నాను.
"అచ్ఛా. సున్నం ఖర్చు మిగిలింది," అని
ట్యూబును నీళ్లలో ముంచాడు.
బుడగ ఎక్కడ లేస్తుందా అని
ఇద్దరం చాలాసేపు చూశాం.

సాయంత్రం, బుద్వేల్ స్టేషన్.
నా సంచిలోని నివేదిక వేగం గంటకు మూడు వందల ఇరవై.
నేనెక్కాల్సిన బండి ముప్పై అయిదు నిమిషాలు ఆలస్యం.
చెప్పే గొంతుకు జలుబు చేసింది.
పట్టాల మధ్య ఒక మేక
ఎవరికీ ఏ తొందరా లేనట్టు
కంకరలో గడ్డి వెతుక్కుంటోంది.

ఒక అబద్ధం ఒప్పుకోవాలి.
బోరు ముప్పై ఒకటి, పద్దెనిమిదో మీటరు:
నాలుగంగుళాల ముక్క దొరకలేదని రాశాను.
కింద ఒకరు సంతకం పెట్టారు, ఆ పైన ఇంకొకరు,
ఆ పైన నేనెప్పుడూ చూడని ఎవరో.

దొరికింది.
నున్నగా, పిడికిట్లో సరిగ్గా పట్టేంత.
పొద్దున్నే బాలమణి ఇంట్లో
అల్లం దంచుతోంది అది.

రైలు సంగతి నాకు తెలీదు.
చాయ్ మాత్రం బాగుంటోంది.