ఎనిమిది బైట్లు

బిష్కెక్‌లో మార్చి.
రేడియేటర్ ఒక వైపే వెచ్చగా ఉంది.
మెమరీ చాలదని ఎర్రక్షరాల్లో చెప్పేసి
లెక్క మధ్యలో మొరాయించింది కంప్యూటర్,
కనుమ ఎక్కనని గిట్టలు తన్నిపెట్టిన గుర్రంలా.

'హూస్' అని కొట్టాను.
గుమ్మంలో నిలబడి లోపల ఎవరెవరున్నారని అడిగినట్టు.
ఒక్కొక్కరే బయటికొచ్చి పేరు చెప్పారు,
పొడవూ వెడల్పూ చెప్పారు,
ఎంత తింటారో కూడా దాచకుండా చెప్పారు.

ముందుగా ఉపగ్రహం చూసిన మంచు.
ఇటు పన్నెండు వందల గళ్లు, అటు తొమ్మిది వందలు,
ఒకదాని మీద ఒకటి మూడు వందల అరవై ఐదు పొరలు.
మూడు గిగాబైట్ల పైమాట.
దాని వెనకే దాని నకలు,
పొద్దున ఎందుకైనా మంచిదని నేనే తీసింది.
తీసినప్పుడు రెండు పేర్లకీ ఒకటే ఇల్లు.
నకల్లో ఒక్క అంకె దిద్దాను,
అంతే, వేరు కాపురం.
సామానంతా రెండో సెట్టు.

ఒకటి మరీ విచిత్రం:
సున్నా వరసలు, సున్నా నిలువులు, సున్నా బైట్లు.
పేరు మాత్రం ఉంది.
ఏం పోద్దామని ఆ గిన్నె పెట్టానో గుర్తు లేదు.

అందరి వెనకా, పిలిస్తే గానీ రాని మనిషిలా,
కనుమ మీది స్టేషన్ లెక్క.
ఇరవై ఒక్క వేల తొమ్మిది వందల పదిహేను రోజులు,
రోజుకొక అంకె, అంకెకి ఎనిమిది బైట్లు.
అరవై ఏళ్ల చలికాలాలు కలిపినా
ఫోన్‌లో ఒక ఫొటో అంత లేవు.

మొదటి ముప్పై ఒక్క ఏళ్లూ తొక్తొసున్‌వి.
ముందు పుట్టిన బిడ్డలు దక్కనప్పుడు
మా వాళ్లు పెట్టుకునే పేరది: నిలువు, పోకు అని.
ఆయన రోజూ ఉదయం ఎనిమిదింటికి
సెంటీమీటర్ల కర్ర గుచ్చేవాడు.
తర్వాతివి యంత్రం కొలిచినవి.

ఎర్మెక్ పియాలాలో టీ ఊదుకుంటూ వచ్చి
నా భుజం మీంచి చూశాడు.
"కనీషాయ్ ఎజే, సెంటీమీటర్లకి ఇంత చోటెందుకు?
అన్నీ పూర్ణాంకాలు చేసెయ్, పదహారు బిట్లు చాలు,
బరువు నాలుగో వంతుకి దిగుతుంది."

నిజమే కదా అని చిన్నదాని మీద చేసి చూశాను.
డెబ్బై ఎనిమిది, జనవరి:
నూట తొంభై.
నూట తొంభై మూడు.
సున్నా.
సున్నా.
అలా పన్నెండు సున్నాలు.
రెండు వందల పద్నాలుగు.

నడి చలికాలంలో కనుమ మీద
పన్నెండు రోజులు గడ్డి మొలిచింది!

అసలు పుస్తకం స్కాన్ తెరిచాను.
ఆ గళ్లలో సున్నాలు లేవు, పెన్సిల్ గీతలున్నాయి,
ఒక్కో గడికీ ఒక్కో అడ్డగీత.
పదమూడో నాడు రెండు వందల పద్నాలుగు,
అంకెలు ఎడమచేత్తో రాసినట్టు వంకర.
పక్కన మాట లేదు.
మంచు లేదని కాదు ఆ గీత.
కర్ర గుచ్చే చెయ్యి లేదని.

సున్నాకీ ఎనిమిదే, రెండు వందలకీ ఎనిమిదే,
తెలియదనడానికీ ఎనిమిదే అడుగుతుంది యంత్రం.
మొదట్లో నాకది దుబారా అనిపించేది.
పూర్ణాంకాల ఇంట్లో తెలియదనడానికి గది లేదు,
అక్కడ తెలియనివాణ్ణి కూడా
లేదని చెప్పించి కూర్చోబెడతారు.

నకలు చెరిపేశాను.
పేరు మోస్తున్న ఆ ఖాళీ గిన్నెని కూడా.
మిగిలినవాటిని నాలుగు బైట్ల భిన్నాంకాలకి దింపాను.
దశాంశాల చివర కొంత పదును పోతుంది, పోనీ,
ఆయన కర్రకి అంత పదును ఎప్పుడుంది గనక.
మళ్లీ 'హూస్'. బరువు సగం.
జనవరి తెరిచి వేలు పెట్టి లెక్కపెట్టాను,
గీతలు పన్నెండూ ఉన్నాయి.

లెక్క కదిలింది. ఫ్యాను రొద పెరిగింది.
"ఇంతకీ ఆ పన్నెండు రోజులూ ఏమైంది?" అన్నాడు ఎర్మెక్.
తెలియదన్నాను.
కిటికీ కింద వీధి పొడుగునా
మంచు నల్లబడి కాలువలోకి జారుతోంది,
ఎవరూ కొలవడం లేదు.