రెండు వేళ్ల జాగ

ఇబ్రీల మండీ హోటల్ ఎనుక రేకుల షెడ్డు.
పొద్దుగాల నాలుగున్నర.
ఎండ లేవకముందే నలభై మొద్దులు పలగాలె.

లింబాద్రన్న గొడ్డలి ఇయ్యలే.
నా ఫోన్ గుంజుకొని బియ్యం సంచిల ఏసిండు.
తర్వాత కాళ్లు చూసిండు.
"చెప్పులతోనా?"
ఎవరో మేస్త్రీ ఇడిసిపోయిన బూట్లు
నా ముందర పడ్డయి, ఒక సైజు పెద్దయి.
లోపల గుడ్డపేలికలు కుక్కుకున్న.

"మొద్దు లేపేముందు రెండుసార్లు కొట్టు,
తేలు ఇంటి తలుపు కొట్టినట్టు.
అది ఇక్కడిదే. మనమే కొత్తోళ్లం."

రాత్రంతా బకెట్ల నానిన గొడ్డలి,
కామ ఉబ్బి తల బిగిసింది.
విదిలించి చూపిండు: "ఊగితే ముట్టకు.
ఊగే గొడ్డలి ఏజెంటసొంటిది,
ఎవని మీద పడ్తదో దానికే తెల్వది."

సమర్ కట్టె. మన తుమ్మకు చిన్నాయన బిడ్డ.
అదే ఎరుపు, అదే మొండితనం.
"ముడి జోలికి పోకు. పగులు చూడు,
ఎండుకుంట అదే గీసుకున్న గీత.
ఎట్ల పలుగుతదో కట్టె చెప్తనే ఉంటది,
మనమే ఇనకుండ కొడుతం."

కాళ్లు ఎడం. చేతులు సాపి దూరం కొలిచిన.
దెబ్బతో పాటు మోకాళ్లు ఒంగాలెనట,
గురి తప్పినా పీట మొద్దుల దిగుతది,
కాలి మీదికి రాదు.
"బరువు గొడ్డలిదే. నువ్వు తొవ్వ చూపు, సాలు."

మొదటిది జారింది.
రెండోది ఇరికింది. గుంజబోతే చెయ్యి పట్టిండు:
"కోపంతోని కాదు. కామ కొనను కిందికి తట్టు."
మూడోది
టప్పుమని రెండు చెక్కలు,
నడుమ బంక వాసన.

అన్న కూసోని గీతలు లెక్కపెట్టిండు.
వాన లేని ఏండ్లు, ఎంట్రుక సందు లేకుండ.
గోరుతోని ఒకటి ముట్టి
"నేను దిగిన ఏడు ఇదే కావచ్చు" అని నవ్విండు.
ఇంకో నాలుగు గీతలు దాటి
వేలు ఆగింది.

ఎడమ బూటు ఇప్పిండు.
చిటికెన వేలు లేదు, దాని పక్కది లేదు.
"బిడ్డ పుట్టిందని ఫోన్ మోగింది.
గొడ్డలి అప్పటికే గాలిల ఉన్నది."

"ఇంట్ల చెప్పినవా?"
"బిడ్డ పుట్టిన రోజు ఏం చెప్తర?
ఆ నెల పైసలు గూడ టైముకే పంపిన."

ఇంకేం మాట్లాడలే. యెమెన్ వంటాయన
పొయ్యి గుంత మూత తీస్తున్న సప్పుడు.
పన్నెండో మొద్దు మీద గొడ్డలెత్తిన,
బియ్యం సంచి లోపల ఎలుగు, సన్నటి మోత.

దింపిన. పీటల నాటిన.
రెండు చేతులు ఇడిసిన.
అప్పుడు తిరిగి చూసిన.