పదిహేడో బల్ల

కుతైసిలో, రియోని నది ఒడ్డున,
ఏటా అక్టోబరులో రెండు రోజులు బొమ్మల సంత.
బల్లలు వేసేది నేను.
మొత్తం నలభై రెండు. ఒక్కోదానికి ఒక్కో కుంటితనం.
తెల్లారకముందే వచ్చి, గులకరాళ్ల మీద ఊగకుండా
కాళ్ల కింద అట్టముక్కలు మడిచి పెడతాను.
కళ గురించి నాకు తెలిసింది ఇంతే:
బల్ల ఊగకూడదు.

అందరికన్నా ముందు నానులి వస్తుంది.
గుడ్డమూట విప్పితే, గోరంత రాగిబిళ్ల మీద
వెండితీగ గట్లు కట్టిన దానిమ్మతోట,
గట్ల మధ్య కరిగి గడ్డకట్టిన గాజు.
కొలిమిలో ఒక్క క్షణం ఎక్కువైతే
ఆకుపచ్చ నల్లబడిపోతుందట.
ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క క్షణానికి కాపలా కాస్తోంది.
కొనేవాళ్లు బిళ్లని ఎండకి ఎత్తి చూస్తారు.
చిల్లర ఇచ్చే చేతి మీద కాలిన మచ్చలు
నేను చూశాను, చెప్పలేదు.

పదిహేడో బల్ల జుజునాది.
జుజునా అంటే మా దగ్గర సన్నజల్లు.
ఆ పేరు పెట్టుకుని నీటిరంగులు వేస్తుంది, ఆమె ధైర్యం ఆమెది.
ఇరవై ఆరేళ్లు ట్రాలీబస్సులో టికెట్లు కొట్టింది.
బస్సులు ఆగిపోయాక కుంచె పట్టింది.
వేసేవన్నీ మెడలే.
మొహాలు కావు, మెడల వెనకభాగాలు,
కండక్టరు సీట్లోంచి కనిపించినట్టు.
కాలరు నలిగిన మెడ, చలికి ముడుచుకున్న మెడ,
నిద్రలో పక్కవాడి భుజం వెతుక్కునే మెడ.

జనం వస్తారు, నవ్వుతారు.
"మొహాలు రావా నీకు?" అంటాడొకడు.
"మా మనవడూ వేస్తాడు ఇలాంటివి" అంటుందొకావిడ.
"ఎంత?" అని అడిగి, చెప్పేలోపు
పక్క బల్ల దగ్గర జున్ను రుచి చూస్తుంటారు.
మధ్యాహ్నం దాటినా బోణీ లేదు.
జుజునా ఉడికించిన మొక్కజొన్న కంకి తింటూ
ఎదురుగా నిలబడ్డవాళ్లని కాదు,
వెళ్లిపోతున్నవాళ్లని చూస్తుంటుంది.

నాలుగింటికి పేరుకు తగ్గట్టే వాన.
టార్పాలిన్ పట్టుకుని పరిగెత్తాను.
బొమ్మలు ఒక్కొక్కటే తిరగేసి నా కోటు కింద దాస్తుంటే,
నానులి మనవరాలు తమ్రికో, ఏడేళ్ల పిల్ల,
నా చొక్కా పట్టి లాగింది.
"వంగు తాతా."
వంగాను.
"ఇది నువ్వే!"

అట్ట మీద ఒక మెడ.
ఎడంవైపుకి కాస్త వాలి ఉంది,
ఆ భుజం మీద ఎప్పుడూ ఏదో బరువున్నట్టు.
జుట్టు అంచున ఒక సుడి,
దాని కింద ఎండ కాల్చిన మూడు గీతలు.
నాకేం తెలుసు? నా మెడ నేనెప్పుడు చూశాను గనక?
జుజునా వైపు చూశాను.
ఆమె కుంచెలు తుడుచుకుంటోంది, కొంచెం ఎక్కువ శ్రద్ధగా.
"ఎంత?" అన్నాను.
"అది అమ్మేది కాదు, ఒతార్" అంది.
పదకొండేళ్లలో
నా పేరు ఆమెకి తెలుసని నాకు తెలియదు.

రాత్రి ఇంట్లో, స్నానాల గది అద్దానికి వీపు పెట్టి
చేతిలో గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని
చాలాసేపు తిప్పలు పడ్డాను.
దొరికింది.
సుడి ఉంది. గీతలు మూడే.
వాలడం కూడా నిజమే, అద్దం వంకరేమో అనుకుని
రెండుసార్లు సరిచేసి మరీ చూశాను.
అరవై మూడేళ్లొచ్చాయి.
అప్పు ఇచ్చినవాళ్లు కూడా
నన్ను ఇంత నిదానంగా చూసి ఉండరు.

ఆదివారం చీకటితోనే వచ్చాను.
పదిహేడో బల్ల కింద అట్టముక్క
ఒక మడత ఎక్కువ వేసి, చేత్తో నొక్కి చూశాను.
మళ్లీ నొక్కి చూశాను.
జుజునా సంచులు మోసుకుంటూ వచ్చింది.
"ఇవాళ పడుతుందంటావా?"
మబ్బు నల్లగా కొండ దిగుతోంది.
"పడదులే" అని,
పద్దెనిమిదో బల్ల దగ్గరికి నడిచాను,
వీపు కాస్త నిటారుగా పెట్టి,
ఆమె చూస్తుంటుందని తెలిసి.