ఎనిమిదో ముక్క

జహ్రాలో, మే నెల, రాత్రి పదకొండు.
మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఇంకా సలసలమంటానే ఉండాది.
ఆరిన బట్టల గంప దించి నిలబడినా.
మిషాల్, పన్నెండేండ్ల పిల్లోడు,
మూడుకాళ్ళ గొట్టాన్ని ఆకాశానికి ఎక్కుపెట్టి
ఊపిరి బిగబట్టుకోనుండాడు,
దోమను కొట్టబోయేవాని మాదిరి.

ముందు వాళ్ళన్న చూసినాడు, ఆపైన చెల్లెలు.
డ్రైవరు గుల్‌జమాన్ గడ్డం అడ్డమొస్తే పట్టుకోని చూసినాడు.
ఆఖర్న నా వంతు.
"షూఫీ, రీదా!"

నల్లటి గుండ్రంలో నా రెప్ప వెంట్రుకే ముందు కనపడె.
తర్వాత, ఊదితే ఆరిపోయేట్టు
ఒక మసక.
దాని వెనక ఇంకొకటి.
తోకచుక్కంట. పగిలిందంట.
"ఎవురు పగలగొట్నారు?"
"సూర్యుడు" అన్నాడు.
"అది మంచుగడ్డ. దగ్గరికి పోయింది, వేడికి తాళలేదు."

ఆ మాట నాకు చెప్పల్లా?
పొద్దున్నే ఫ్రిజ్జులోంచి తీసిన గాజు జగ్గులో
కాగిన నీళ్ళు పోసి
టప్పుమనిపించినదాన్ని నేనే గదా.
మామా అరవలేదు. క్యాలెండర్లో ఏదో రాసుకునె.
నెలాఖరుకు తెలుస్తుంది, మూడు దీనార్లో నాలుగో.
మరి దీన్ని ఎవురి జీతంలో కోస్తారు?

నవ్వొచ్చి కన్ను కదిలె. చుక్క తప్పిపోయె.
"నువ్వు కాదు, భూమి కదిలింది" అని
పిల్లోడు మర తిప్పి సవరించినాడు.
రెండూ ఒకే దోవన పోతాండాయి,
ఒకదాన్నొకటి అందుకోకుండా, వదిలిపెట్టకుండా.

ముక్కలకు పేర్లు లేవంట, ఒట్టి అక్షరాలే.
లెక్కపెడతా పెడతా అక్షరాలు చాలక
రెండు రెండు కలిపి పెట్టినారంట.
రెడ్డెమ్మ అనడానికి నాలిక తిరగక
ఈ ఇంట్లో నన్ను రీదా చేసినారు.
ఆ అక్షరాల్లో నాకొకటీ రాదు.
పాస్‌పోర్టులో నాది వేలిముద్ర.

తోకచుక్క పుడితే రాజుకు కీడని మా జేజి చెప్పేది.
గుల్‌జమాన్ వాళ్ళూర్లోనూ అదే మాటంట.
ఇంత మసక, ఏ రాజును ఏం చేస్తుంది?

"మళ్ళీ వస్తుందా?"
"ఐదేండ్లకు. అన్ని ముక్కలూ రావు."
ఐదేండ్లంటే
రెండున్నర అకామాలు.

కిందికి దిగి, లైటెయ్యకుండా
వంటింట్లో చాప పరిచినా.
పొద్దున ఊడ్చి ఎత్తిపోసినవి ఏడు.
చెంప నేలకానిస్తే
ఫ్రిజ్జు కింద, చెయ్యి దూరని సందులో
ఇంకొకటి.
స్టెబిలైజరు ఎర్రదీపానికి
మెరిసీ మెరవకుండా.

చీపురుకు లేచినా, మళ్ళీ కూచున్నా.
ఆడనే ఉండనీ అని
దాని పక్కకే తిరిగి పండుకున్నా.